ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంపు: గరిష్ఠ పరిమితిని నిర్ణయించేది ఏది?

తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన చేనేత కుటుంబాలకు గుజరాత్‌లోని సూరత్ రెండో ఇల్లు. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలలో తెలుగు వీధి భాషగా వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలోని ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నది. మరమగ్గం మీద మొదలైన ఈ కుటుంబాల జీవనంలోకి డిజైన్ గీసే కంప్యూటరు కూడా వచ్చి చేరింది. చీరల ముద్రణ, ఎంబ్రాయిడరీ పంచింగ్, జకార్డు నమూనాల తయారీ ఇప్పుడు తెర మీదనే సాగుతున్నాయి. చాలా ఇళ్లలో ఆ పనికి, పిల్లల చదువుకు ఉన్నది ఒకే ల్యాప్‌టాప్. అది నెమ్మదించినపుడు దుకాణంలో మొదట వినిపించే సలహా ర్యామ్ పెంచమని. ఎంత వరకు పెంచవచ్చు అన్న ప్రశ్నకు మాత్రం ఒక్కో చోట ఒక్కో సమాధానం లభిస్తుంది.

అందుకు కారణం ఉన్నది. ల్యాప్‌టాప్‌కు గరిష్ఠ మెమరీ పరిమితి ఒకటి కాదు, నాలుగైదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒకటి, ప్రాసెసర్‌కు ఒకటి, మదర్‌బోర్డుకు ఒకటి, మార్కెట్లో దొరికే మాడ్యూల్ పరిమాణానికి ఒకటి. వీటిలో అన్నిటికంటే తక్కువగా ఉన్నదే ఆ యంత్రానికి వర్తిస్తుంది. మిగిలినవి ఎంత పెద్దవైనా ప్రయోజనం లేదు. సంస్థ కరపత్రంలో ముద్రించిన సంఖ్య వీటిలో దేనినుంచి వచ్చిందో తెలుసుకోకుండా కొనుగోలు చేస్తే డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంటుంది. కొన్ని సందర్భాలలో ఇందుకు విరుద్ధంగా, పనికివచ్చే యంత్రాన్ని పనికిరాదని పక్కన పెట్టడమూ జరుగుతుంది.

చీరకు ఎంత మెమరీ కావాలి?

పరిమితి గురించి విచారించే ముందు అవసరం ఎంతో లెక్క వేసుకోవడం మంచిది. సూరత్ వృత్తులలోనే ఈ అవసరం ఎంతో భిన్నంగా ఉంటుంది.

జకార్డు నేతకు కావలసిన మెమరీ ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. 2,688 హుక్కులు ఉన్న ఎలక్ట్రానిక్ జకార్డును తీసుకుంటే, ఒక్కో పేకకు ఏ హుక్కు లేవాలి, ఏది లేవకూడదు అన్న సమాచారం 2,688 బిట్లు, అంటే 336 బైట్లు మాత్రమే. ఐదున్నర మీటర్ల చీరలో అంగుళానికి 80 పేకల చొప్పున సుమారు 17,300 పేకలు పడతాయి. అందువల్ల పునరావృతం లేకుండా చీర మొత్తం నేసినా మగ్గానికి పంపే సమాచారం 6 లక్షల బైట్లకు పదింతలు కూడా దాటదు, అనగా 6 ఎంబీ లోపే. ఒకప్పుడు అట్టలకు రంధ్రాలు కొట్టి చేసిన పని ఇదే. ఎంబ్రాయిడరీ ఫైలు ఇంకా చిన్నది. ప్రచారంలో ఉన్న డీఎస్‌టీ పద్ధతిలో ఒక్కో కుట్టుకు 3 బైట్లు పడతాయి. లక్ష కుట్ల నమూనా 3 లక్షల బైట్లే. ఈ రెండు పనులకు 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ సాధారణంగా సరిపోతుంది. నెమ్మదిగా ఉంటే కారణం మరొక చోట వెతకాలి.

డిజిటల్ ముద్రణ సంగతి వేరు. ఐదున్నర మీటర్ల పొడవు, 44 అంగుళాల వెడల్పు ఉన్న చీరను అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో ఒకే చిత్రంగా తయారుచేస్తే పొడవున దాదాపు 65,000, వెడల్పున 13,200 పిక్సెళ్లు వస్తాయి. మొత్తం సుమారు 86 కోట్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగుల విలువలు, మూడు బైట్లు. ఒకే ఒక పొరకు రెండున్నర జీబీకి పైగా అవసరం. ముద్రణకు వాడే నాలుగు రంగుల విధానంలోకి మారిస్తే అది దాదాపు మూడున్నర జీబీ అవుతుంది. నేల రంగు, పూలు, అంచు, కొంగు, నీడలు అంటూ ఐదు నిండు పొరలు పెడితే 16 జీబీ యంత్రం ఊపిరి తీసుకోలేదు. అదే చీరను 150 చుక్కల స్పష్టతతో చేస్తే అవసరం నాలుగో వంతుకు తగ్గుతుంది. పైగా అనుభవం ఉన్న డిజైనర్లు చీర మొత్తాన్ని ఒకే చిత్రంగా చేయరు. పునరావృతమయ్యే భాగాన్ని ఒకసారి, కొంగును వేరుగా తయారుచేస్తారు. మీటరు పొడవు కొంగు 300 చుక్కల వద్ద కూడా ఒక పొరకు అర జీబీ లోపే ఉంటుంది. పని పద్ధతి మార్చితే కొన్నిసార్లు ర్యామ్ కొనవలసిన అవసరమే తప్పుతుంది.

ఫోటోషాప్‌ను ఎక్కువగా వాడేవారు గమనించవలసిన మరో విషయం ఉన్నది. ఆ సాఫ్ట్‌వేర్ సాధారణ పీఎస్‌డీ ఫైలు ఏ వైపునా 30,000 పిక్సెళ్లు, పరిమాణంలో 2 జీబీ దాటడానికి అంగీకరించదు. పైన చెప్పిన చీర చిత్రాన్ని భద్రపరచలేకపోతే కారణం ర్యామ్ కాదు. పీఎస్‌బీ అనే పెద్ద ఫైలు పద్ధతిని ఎంచుకోవాలి. అందుబాటులో ఉన్న ర్యామ్‌లో 70 శాతం మాత్రమే వాడుకునేలా ఆ సాఫ్ట్‌వేర్ మొదట అమరి ఉంటుంది. మిగిలిన పనిని డిస్క్‌పై స్క్రాచ్ స్థలంలో చేస్తుంది. ఆ డిస్క్ పాత హార్డ్ డిస్క్ అయితే ఎంత ర్యామ్ వేసినా ఫైలు తెరవడం, భద్రపరచడం నెమ్మదిగానే ఉంటాయి. 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలో ర్యామ్‌ను 8 జీబీకి పెంచి, మిగిలిన సొమ్ముతో ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడం, ర్యామ్‌నే 16 జీబీ చేయడం కంటే మేలైన నిర్ణయం.

పడుగు, పేక, మెమరీ

పరిమితి ఎక్కడ పుడుతుందో అర్థం కావాలంటే ర్యామ్ చిప్ లోపలి అమరిక తెలియాలి. నేత తెలిసినవారికి అది కొత్త కాదు. చిప్ లోపల అడ్డంగా ఒక వరుస తీగలు, నిలువుగా మరొక వరుస తీగలు పడుగు, పేకల వలె సాగుతాయి. అవి కలిసే ప్రతి చోట ఒక ట్రాన్సిస్టర్, ఒక అతి చిన్న కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్న. ఐబీఎం సంస్థ ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ రూపొందించిన ఈ ఏర్పాటుకు 1968లో అమెరికా పేటెంట్ లభించింది. 1970లో ఇంటెల్ విడుదల చేసిన 1103 చిప్ ఒక్క కిలోబిట్‌ను, అంటే 1,024 బిట్లను దాచగలిగేది. ఆవేశం నిలువదు, కారిపోతుంది. కనుక సాధారణంగా ప్రతి 64 మిల్లీ సెకన్లలోపు మొత్తం చిప్‌ను తిరిగి నింపుతూ ఉండాలి. విద్యుత్తు పోగానే ర్యామ్‌లోని పని చెరిగిపోవడానికి కారణం ఇదే.

ఒక కణాన్ని చేరాలంటే ప్రాసెసర్ అడ్డు వరుస సంఖ్యను, నిలువు వరుస సంఖ్యను పంపాలి. డీడీఆర్4 రకంలో సాధారణమైన 8 గిగాబిట్ల చిప్‌లో 16 బ్యాంకులు, ఒక్కో బ్యాంకులో 65,536 అడ్డు వరుసలు, 1,024 నిలువు వరుసలు ఉంటాయి. ప్రతి కూడలిలో ఒకేసారి 8 బిట్లు లభిస్తాయి. 65,536 వరుసలను లెక్కించడానికి 16 బిట్ల చిరునామా చాలు. 16 గిగాబిట్ల చిప్‌లో వరుసలు రెట్టింపై 1,31,072 అవుతాయి. వాటికి 17వ చిరునామా బిట్ అవసరం. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కు, బోర్డు మీది ఫర్మ్‌వేర్‌కు ఆ 17వ బిట్ సంగతి తెలియకపోతే పెద్ద చిప్ ఉన్న మాడ్యూల్‌ను అవి గుర్తించవు. లేదా సగమే గుర్తిస్తాయి. గరిష్ఠ పరిమితి అన్న మాటకు అసలైన అర్థం ఇక్కడ ఉన్నది.

ప్రాసెసర్‌కు, మాడ్యూల్‌కు మధ్య సమాచారం ఒకేసారి 64 బిట్లుగా ప్రయాణిస్తుంది. ఒక్కో చిప్ 8 బిట్లు అందిస్తే ఎనిమిది చిప్‌లు కలిసి 64 బిట్లు పూర్తి చేస్తాయి. ఈ ఎనిమిదింటి జట్టును ర్యాంక్ అంటారు. 8 గిగాబిట్ల చిప్‌లు ఎనిమిది చేరితే 8 జీబీ. రెండు ర్యాంకులు ఉంటే 16 జీబీ. 16 గిగాబిట్ల చిప్‌లతో రెండు ర్యాంకులు చేస్తే 32 జీబీ. డీడీఆర్4 ప్రమాణంలో 16 గిగాబిట్లకు మించిన చిప్ లేదు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో వాడే డీడీఆర్4 మాడ్యూల్ 32 జీబీ దగ్గర, రెండు స్లాట్లు ఉన్న ల్యాప్‌టాప్ 64 జీబీ దగ్గర ఆగిపోతాయి. ఆ తరం యంత్రానికి 128 జీబీ వేస్తామని ఎవరైనా అంటే స్లాట్లు నాలుగు ఉన్నాయా అని అడగాలి. డీడీఆర్5 చిప్‌లలో 24 గిగాబిట్ల రకం రావడంతో 12, 24, 48 జీబీ వంటి పరిమాణాలు మార్కెట్లో కనిపిస్తున్నాయి.

మాడ్యూల్ మీది చీటీలో ఈ వివరమంతా సంక్షిప్తంగా ఉంటుంది. ‘8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-3200ఏఏ’ అని ఉంటే ఒక ర్యాంకు, 8 బిట్ల చిప్‌లు, డీడీఆర్4 రకం, 3200 వేగం అని చదువుకోవాలి.

ఏ పరిమితి ఎక్కడ?

ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి మొదలుపెడితే, 32 బిట్ల విండోస్ 4 జీబీకి మించి చూడలేదు. రెండును 32 సార్లు హెచ్చిస్తే వచ్చే 429 కోట్ల చిల్లర బైట్లే అది. అందులోనూ కొంత చిరునామా స్థలం గ్రాఫిక్స్, ఇతర పరికరాలకు పోతుంది. అందువల్ల 4 జీబీ వేసినా మూడుంబావు, మూడున్నర జీబీ మాత్రమే కనిపించేది. ఇప్పటికీ పాత యంత్రాలలో ఈ విండోస్ నడుస్తున్నది. అలాంటి చోట ర్యామ్ పెంచితే ఫలితం శూన్యం. ముందు ప్రాసెసర్ 64 బిట్లదో కాదో చూసి, అయితే 64 బిట్ల వ్యవస్థను ఎక్కించాలి. విండోస్ 7లో సంచికను బట్టి కూడా కట్టడి ఉండేది. స్టార్టర్‌కు 2 జీబీ, 64 బిట్ల హోమ్ బేసిక్‌కు 8, హోమ్ ప్రీమియమ్‌కు 16 జీబీ. విండోస్ 10, 11 హోమ్ సంచికలకు 128 జీబీ, ప్రో సంచికకు 2 టీబీ వరకు అనుమతి ఉన్నది. కనుక ప్రస్తుత ల్యాప్‌టాప్‌లకు ఈ మెట్టు అడ్డంకి కాదు.

రెండోది ప్రాసెసర్. పాత ల్యాప్‌టాప్‌లలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో కాక బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. ఇంటెల్ 945జీఎం చిప్‌సెట్ ఉన్న యంత్రాలలో 4 జీబీ వేసినా సుమారు 3.2 జీబీకి మించి వాడకంలోకి రాదు. 64 బిట్ల విండోస్ ఎక్కించినా మార్పు ఉండదు. తరువాత కంట్రోలర్ ప్రాసెసర్‌లోకి చేరింది. 2010 నాటి చిన్న నెట్‌బుక్‌లలో కనిపించిన ఆటమ్ ఎన్450 పరిమితి 2 జీబీ. నాలుగో తరం కోర్ ఐ5-4200యూకు 16 జీబీ, ఎనిమిదో తరం ఐ5-8250యూకు 32 జీబీ, పదకొండో తరం ఐ5-1135జీ7కు 64 జీబీ అని ఇంటెల్ అధికారికంగా పేర్కొన్నది. ప్రాసెసర్ సంఖ్య తెలిస్తే తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో ఈ వివరం ఉచితంగా చూడవచ్చు. అయితే అది ప్రాసెసర్ సామర్థ్యం మాత్రమే, ల్యాప్‌టాప్ సామర్థ్యం కాదు.

ఎందుకంటే మూడో మెట్టు బోర్డు. ఐ5-4200యూ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకే స్లాట్ ఉంటే 16 జీబీ అన్న అంకె కాగితానికే పరిమితం. ఆ తరం కంట్రోలర్ 8 గిగాబిట్ల డీడీఆర్3 చిప్‌లను గుర్తించదు. ఆ కారణంగా ఒక్క మాడ్యూల్‌లో 8 జీబీకి మించి పనిచేయదు. 16 జీబీ డీడీఆర్3 మాడ్యూల్ ఎక్కడైనా దొరికి, దానిని కొని తెచ్చినా యంత్రం మొదలు కాదు. ఐదో తరంలో ఇంటెల్ ఈ లోపాన్ని సవరించింది. ఒక్క తరం తేడా ఇంత ప్రభావం చూపుతుంది.

చెప్పిన అంకె, నడిచే అంకె

ల్యాప్‌టాప్ తయారీదారులు పేర్కొనే గరిష్ఠ అంకె చాలాసార్లు ఆ మోడల్ విడుదలైన నాటికి మార్కెట్లో ఉన్న అతి పెద్ద మాడ్యూల్‌తో పరీక్షించి ముద్రించినది. తరువాత పెద్ద మాడ్యూళ్లు వచ్చినా కాగితం మారదు. ఆపిల్ సంస్థ 2011 నాటి మ్యాక్‌బుక్ ప్రోకు 8 జీబీ గరిష్ఠమని తెలిపింది. ఆ యంత్రాలు రెండు 8 జీబీ మాడ్యూళ్లతో, మొత్తం 16 జీబీతో చక్కగా పనిచేస్తాయని వినియోగదారులు తరువాత నిర్ధారించుకున్నారు. ఇంటెల్ సంస్థే తన తొమ్మిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల పరిమితిని, 16 గిగాబిట్ల చిప్‌లు వచ్చిన తరువాత, 64 నుంచి 128 జీబీకి సవరించింది. ఆ ప్రాసెసర్లలో మార్పేమీ లేదు. మారినది ఫర్మ్‌వేర్, దొరికే సరకు.

అలాగని సంస్థ అంకెను ఎప్పుడూ నమ్మనక్కరలేదని భావించడం పొరపాటు. పైన చెప్పిన నాలుగో తరం ఉదాహరణలో అడ్డుపడినది కాగితం కాదు, సిలికాన్. విచక్షణకు ఒక సులువైన పద్ధతి ఉన్నది. ప్రాసెసర్ తయారీదారు చెప్పిన అంకె, ల్యాప్‌టాప్ తయారీదారు చెప్పిన అంకె కంటే పెద్దదై, ఆ తరానికి తగిన పెద్ద మాడ్యూల్ దొరుకుతున్నట్లయితే ముందుకు వెళ్లడానికి అవకాశం ఉన్నది. బోర్డుకు 4 జీబీ అతికించి, ఒక స్లాట్ ఇచ్చి, గరిష్ఠం 12 జీబీ అని రాసిన ల్యాప్‌టాప్‌లు ఇలాంటివే. ఆ స్లాట్‌లో 8కి బదులు 16 జీబీ పనిచేసి మొత్తం 20 జీబీ కనిపించిన సందర్భాలు ఉన్నాయి. హామీ మాత్రం ఎవరూ ఇవ్వరు. కనుక పనిచేయకపోతే తిరిగి తీసుకుంటామన్న మాటను బిల్లు మీద రాయించుకుని కొనడమే క్షేమం. రెండు అంకెలూ ఒకటే అయితే ప్రయత్నం అనవసరం.

అతికించిన మెమరీ

పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను స్లాట్‌లో పెట్టరు, బోర్డుకే అతికిస్తారు. 2008లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో, 2012 నుంచి రెటీనా తెర ఉన్న మ్యాక్‌బుక్ ప్రోలలో ఇదే ఏర్పాటు. 2020లో ఎం1తో మొదలైన ఆపిల్ చిప్‌లలో మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. ఎం1కు గరిష్ఠం 16 జీబీ, ఎం2కు 24 జీబీ. 2024లో ఇంటెల్ కూడా లూనార్ లేక్ ప్రాసెసర్లలో 16 లేదా 32 జీబీని ప్యాకేజీలోనే అమర్చింది. విండోస్ ల్యాప్‌టాప్‌ల వివరాలలో ఎల్‌పీడీడీఆర్ అన్న అక్షరాలు కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అతికించిన మెమరీయేనని గ్రహించాలి. ఇటువంటి యంత్రంలో గరిష్ఠ పరిమితిని నిర్ణయించేది కొనుగోలుదారుడే, అదీ కొనే రోజున ఒక్కసారి. చిప్‌లను ఊడదీసి పెద్దవి అతికించే నిపుణులు కొందరు ఉన్నప్పటికీ, జీవనాధారమైన యంత్రాన్ని అందుకు అప్పగించడం తెలివైన పని కాదు.

ఈ ఇబ్బందికి పరిశ్రమ వెతికిన మార్గం క్యామ్ అనే పలుచని, మరలతో బిగించే మాడ్యూల్. డెల్ సంస్థ 2022లో ప్రెసిషన్ ల్యాప్‌టాప్‌లలో దీనిని ప్రవేశపెట్టింది. జెడెక్ సంస్థ 2023 డిసెంబరులో క్యామ్2 ప్రమాణాన్ని ప్రకటించింది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో తక్కువ విద్యుత్తు వాడే రకం వచ్చింది. అయితే సామాన్య ధరల ల్యాప్‌టాప్‌లలో అది ఇంకా అరుదు.

కొనే ముందు చూడవలసినవి

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీని నొక్కితే ఎన్ని స్లాట్లు వాడకంలో ఉన్నాయో, వేగం ఎంతో కనిపిస్తుంది. రెండింటిలో రెండూ వాడకంలో ఉన్నాయని చూపితే కొత్తది చేర్చడానికి ఖాళీ లేదని, పాతది తీసి పెద్దది వేయాలని అర్థం. అతికించిన మెమరీని కూడా కొన్ని యంత్రాలు స్లాట్‌గానే చూపుతాయి. అందుచేత వీలైతే అడుగు పలక తీసి కంటితో చూడడం ఉత్తమం. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే ఆదేశం గరిష్ఠ సామర్థ్యాన్ని ఒక అంకెగా చూపుతుంది. అది తయారీదారు ఫర్మ్‌వేర్‌లో రాసిపెట్టిన మాట మాత్రమే, కొలిచి చెప్పినది కాదు. చాలా యంత్రాలలో అది తప్పుగా ఉంటుంది. దానిని ఆధారంగా చేసుకుని సరకు కొనరాదు.

డీడీఆర్ తరం తప్పనిసరిగా సరిపోవాలి. ల్యాప్‌టాప్ మాడ్యూళ్లలో డీడీఆర్3కు 204, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262 పిన్నులు ఉంటాయి. మధ్యలోని గాటు స్థానం వేరు. ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. బలవంతంగా దింపితే స్లాట్ విరుగుతుంది. డీడీఆర్3లో వోల్టేజీ చిక్కు కూడా ఉన్నది. సాధారణ రకం 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులది. రెండూ స్లాట్‌లో చక్కగా దిగుతాయి. కానీ నాలుగో తరం, ఆ తరువాతి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఎల్ రకంతోనే పనిచేస్తాయి. తెర నల్లగా ఉండిపోయి, యంత్రం చెడిపోయిందని బెంబేలెత్తే సందర్భాలలో కొన్ని ఈ ఒక్క అక్షరం వల్ల వచ్చినవే. వేగం విషయంలో అంత పట్టింపు అవసరం లేదు. 3200 వేగం మాడ్యూల్‌ను 2400 వేగం యంత్రంలో పెడితే సాధారణంగా 2400 వద్దనే నడుస్తుంది.

రెండు స్లాట్లలో సమాన పరిమాణం గల మాడ్యూళ్లు పెడితే రెండు మార్గాలలో ఒకేసారి సమాచారం ప్రవహిస్తుంది. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లు చిత్ర ప్రదర్శనకు కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి వాటిలో ఒక 16 జీబీ కంటే రెండు 8 జీబీలు చురుకుగా ఉంటాయి. భవిష్యత్తులో ఇంకా పెంచే ఉద్దేశం ఉంటే మాత్రం ఒక 16 జీబీ వేసి ఒక స్లాట్ ఖాళీగా ఉంచుకోవడం లాభం. 8 పక్కన 4 పెట్టినా నష్టం లేదు. చాలా యంత్రాలలో సమానమైన మేరకు రెండు మార్గాలు, మిగిలినది ఒక మార్గంలో నడుస్తాయి.

అమర్చేటప్పుడు, ఆ తరువాత

మరమగ్గాల షెడ్డులో, దాని పైఅంతస్తు గదిలో వాడే ల్యాప్‌టాప్‌ను తెరిస్తే ముందుగా కనిపించేది నూలు దుమ్ము. ఫ్యాన్‌కు చుట్టుకున్న ఆ పీచును తొలగించడం వల్లనే కొన్ని యంత్రాల వేగం మెరుగుపడుతుంది, వేడెక్కి ప్రాసెసర్ తగ్గించుకున్న వేగం తిరిగి వస్తుంది. తాపీ తీరపు నగరంలో వర్షాకాలపు చెమ్మకు మాడ్యూల్ అంచుల్లోని స్పర్శ పట్టీలపై పొర ఏర్పడవచ్చు. మెత్తని రబ్బరుతో తేలికగా తుడిచి, పొడిని పూర్తిగా దులిపి పెట్టాలి.

యంత్రాన్ని నిద్ర స్థితిలో కాక పూర్తిగా ఆపివేయాలి. చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్‌ను వేరుచేయాలి. లోపల విద్యుత్తు ఉండగా ర్యామ్ తీస్తే బోర్డు కాలిపోయే ప్రమాదం ఉన్నది. చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి నేలకు కలిసిన లోహాన్ని తాకాలి. మాడ్యూల్‌ను ఏటవాలుగా స్లాట్‌లోకి పూర్తిగా దించి, ఆపై కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులు టిక్కుమని పట్టుకుంటాయి. బంగారు పట్టీ ఇంకా సగం కనిపిస్తూ ఉంటే సరిగా దిగలేదన్నమాట. అడుగు పలక తెరిస్తే వారంటీ ఏమవుతుందో సంస్థను బట్టి మారుతుంది. గడువులో ఉన్న యంత్రమైతే సేవా కేంద్రాన్ని ముందుగా అడగాలి.

తొలిసారి మీట నొక్కినపుడు తెర వెంటనే వెలగకపోవచ్చు. ముఖ్యంగా డీడీఆర్5 యంత్రాలు కొత్త మెమరీతో సమయాలు సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఆ లోపు కంగారుపడి విద్యుత్తు ఆపరాదు. విండోస్ వచ్చిన తరువాత 8 జీబీ బదులు 7.4, ఒక్కోసారి 5.9 కనిపిస్తే మోసపోయామనుకోనవసరం లేదు. లోపలి గ్రాఫిక్స్‌కు కేటాయించిన భాగం అది, టాస్క్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని వేరుగా కనిపిస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ఆ కేటాయింపును తగ్గించవచ్చు. అసలు మాడ్యూలే కనిపించకపోతే ఒక్కో మాడ్యూల్‌ను ఒక్కో స్లాట్‌లో విడివిడిగా పెట్టి చూడాలి, బయోస్‌ను తాజా సంచికకు మార్చాలి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ లేదా మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించి ఒక్క తప్పు చూపినా మాడ్యూల్‌ను వాపసు ఇవ్వడం మంచిది. లోపం ఉన్న ర్యామ్ ప్రతిసారీ యంత్రాన్ని ఆపదు. కొన్నిసార్లు చేసిన డిజైన్‌ను నిశ్శబ్దంగా పాడుచేస్తుంది, ఆ తప్పు గుడ్డ మీద ముద్రణ అయ్యాక బయటపడవచ్చు.

ఖర్చు పెట్టదగిన యంత్రమేనా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసంగా కావలసిన ర్యామ్ 4 జీబీయే. కానీ టీపీఎం 2.0 భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. ఆరో, ఏడో తరం ల్యాప్‌టాప్‌లో ర్యామ్‌ను ఎంత పెంచినా విండోస్ 11కు అధికారికంగా అర్హత రాదు. డిజైన్ పనికి పాత సాఫ్ట్‌వేర్‌నే వాడుతూ అంతర్జాలానికి దూరంగా ఉంచే యంత్రమైతే ర్యామ్ పెంపు సబబే. బ్యాంకు లావాదేవీలకు, జీఎస్టీ లెక్కలకు వాడేది అయితే ఆ సొమ్మును ఎనిమిదో తరం తరువాతి యంత్రం వైపు మళ్లించాలి.

ధరల సంగతీ గమనించాలి. కృత్రిమ మేధ సర్వర్లకు మెమరీ చిప్‌ల గిరాకీ పెరగడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. సామాన్య వినియోగదారులకు క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్లు మైక్రాన్ సంస్థ ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించింది. అదే సంస్థ 2023 జూన్‌లో అహ్మదాబాద్ జిల్లా సాణంద్‌లో మెమరీ చిప్‌ల కూర్పు, పరీక్షల కర్మాగారాన్ని ప్రకటించింది. గుజరాత్‌లోనే కూర్చినంత మాత్రాన సూరత్ దుకాణంలో ధర తగ్గుతుందని ఆశించనక్కరలేదు. చిప్ ధరను నిర్ణయించేది ప్రపంచ మార్కెట్. ధరలు పెరిగిన కాలంలో వాడిన మాడ్యూళ్లు, చీటీ మార్చిన మాడ్యూళ్లు కూడా అమ్మకానికి వస్తాయి. సీపీయూ-జెడ్ వంటి ఉచిత సాధనంలో ఎస్‌పీడీ విభాగాన్ని తెరిస్తే మాడ్యూల్‌లో నమోదైన తయారీదారు, పరిమాణం, తయారైన వారం కనిపిస్తాయి. అవి చీటీతో సరిపోలాలి. వాడినదైనా పనిచేసే ర్యామ్ మంచిదే, తగ్గింపు ధరకు, వాడినదని చెప్పి ఇస్తే.

విండోస్‌లో హైబర్నేట్ ఏర్పాటు ఉన్న యంత్రంలో ర్యామ్ పెరిగిన కొద్దీ డిస్క్ మీద దాని ఫైలు కూడా పెరుగుతుంది. సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం వరకు ఉంటుంది. 32 జీబీ వేస్తే దాదాపు 13 జీబీ డిస్క్ పోతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద డిజైన్లు దాచుకునేవారికి అది చిన్న విషయం కాదు. తీసివేసిన పాత మాడ్యూల్‌ను కొత్తదానికి బదులుగా దుకాణంలో వెంటనే వదిలిపెట్టక, కనీసం కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకోవాలి. కొత్తది మొరాయించినపుడు యంత్రాన్ని తిరిగి నడిపించేది, లోపం మాడ్యూల్‌దా, స్లాట్‌దా అని తేల్చేది అదే.